కయాక్ నుంచి నీటిపక్షుల ఫొటోలు: ఫోన్ చాలా, కెమెరా కావాలా?

గట్టు మీద నిలబడి తీసిన కొంగ ఫొటోని, నీళ్ల మీద కూర్చుని తీసిన కొంగ ఫొటోని పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదాంట్లో కెమెరా పైనుంచి కిందికి చూస్తుంది. పక్షి వెనకాల కనిపించేది నీళ్లే: గుర్రపుడెక్క, నురగ, ఎవరో పారేసిన వాటర్ బాటిల్. రెండోదాంట్లో మీ కన్ను నీటికి ముప్పావు మీటరు ఎత్తులో ఉంటుంది, దాదాపు కొంగ కన్ను ఉన్న ఎత్తే. వెనకాల ఉన్నది ఎక్కడో అర కిలోమీటరు దూరంలోని అవతలి గట్టు. అది దానంతటదే మసకైపోతుంది. ఫోన్‌లో పోర్ట్రెయిట్ మోడ్ సాఫ్ట్‌వేర్‌తో చేసే పనిని ఇక్కడ మీరు కూర్చున్న చోటు చేసిపెడుతుంది.

హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్లలో చాలామందికి కయాక్‌తో మొదటి పరిచయం వికారాబాద్ దగ్గరి కోట్‌పల్లి ప్రాజెక్టులోనే. గంట అద్దెకి తీసుకుని, రెండు సెల్ఫీలు దిగి, బట్టలు తడిపేసుకుని వచ్చేస్తారు. అదే గంట పొద్దున్నే దొరికితే నీటికాకులు, నారాయణ పక్షులు, మునుగుడు కోళ్లు, లకుముకి పిట్టలు అన్నీ అక్కడే ఉంటాయి. అప్పుడు అందరికీ వచ్చే ప్రశ్న ఒకటే. చేతిలో ఉన్న ఫోన్ సరిపోతుందా, లేక పెద్ద జూమ్ ఉన్న కెమెరా కొనాలా? స్పెసిఫికేషన్ షీట్ చూసి దీనికి జవాబు చెప్పడం తేలిక. కాకపోతే ఆ జవాబు గట్టు మీద నిలబడేవాళ్లకి. పడవ మీద లెక్క మారుతుంది.

ముందు పిక్సెల్స్ లెక్క

ఇప్పటి ఫ్లాగ్‌షిప్ ఫోన్లలో చాలావాటికి 5ఎక్స్ టెలిఫొటో ఉంది. ఫుల్‌ఫ్రేమ్ భాషలో చెప్పాలంటే సుమారు 120 ఎంఎం. ఈ లెన్స్‌తో 20 మీటర్ల దూరంలో ఉన్న పక్షిని తీస్తే, అక్కడ ఫ్రేమ్‌లో పట్టే వెడల్పు దాదాపు 5.8 మీటర్లు, ఎత్తు 4.3 మీటర్లు. నిలబడ్డ పెద్ద తెల్లకొంగ ఎత్తు 90 సెంటీమీటర్లు అనుకుందాం. అంటే ఫ్రేమ్ ఎత్తులో అయిదో వంతు. ఫోన్ ఇచ్చే 12 మెగాపిక్సెల్ ఫొటోలో (4000 బై 3000) కొంగకి 600 పిక్సెల్స్ పైచిలుకు దక్కుతాయి. వాట్సాప్ స్టేటస్‌కి, ఇన్‌స్టాకి బాగానే సరిపోతుంది. కానీ అదే దూరంలో 17 సెంటీమీటర్ల చిన్న లకుముకి పిట్ట కూర్చుంటే దాని వాటా 120 పిక్సెల్స్ లోపే. నీలిరంగు చుక్క ఒకటి ఉందని మాత్రం తెలుస్తుంది.

ఇప్పుడు మిర్రర్‌లెస్ సంగతి. కెనాన్ ఆర్7 లాంటి 32.5 మెగాపిక్సెల్ క్రాప్ సెన్సార్ బాడీకి ఆర్ఎఫ్ 100-400 ఎంఎం లెన్స్ తగిలిస్తే, చివరి జూమ్‌లో అది 640 ఎంఎంకి సమానం. 20 మీటర్ల దగ్గర ఫ్రేమ్ ఎత్తు 75 సెంటీమీటర్లు. అదే పిట్టకి వెయ్యి పిక్సెల్స్ పైనే దొరుకుతాయి. కంటిలో మెరుపు కనిపిస్తుంది. ఇక నికాన్ పీ950 లాంటి బ్రిడ్జ్ కెమెరాకి వెళ్తే ఏకంగా 2000 ఎంఎం. ఫ్రేమ్ ఎత్తు 26 సెంటీమీటర్లు, పిట్ట సగం ఫ్రేమ్ దాటి నిండిపోతుంది.

కాగితం మీద చూస్తే పీ950 గెలిచినట్టే. అందుకే గట్టు మీద నుంచి పక్షులు తీసేవాళ్లలో ఆ సిరీస్ అంత పాపులర్.

పడవ ఒక్క డిగ్రీ ఊగితే

కయాక్ ఎప్పుడూ నిలకడగా ఉండదు. మీరు ఊపిరి పీల్చినా, తెడ్డు ఒళ్లో పెట్టుకున్నా, పక్క నుంచి చిన్న అల వచ్చినా అటూఇటూ ఒరుగుతుంది. ఆ ఊపు ఒక్క డిగ్రీ మాత్రమే అనుకుందాం, అంటే కంటికి తెలియనంత. మీ లెన్స్ ఒక్క డిగ్రీ పక్కకి తిరిగితే, 20 మీటర్ల దూరంలో గురి 35 సెంటీమీటర్లు జరుగుతుంది.

ఇప్పుడు వెనక్కి వెళ్లి పై లెక్క చూడండి. 2000 ఎంఎం దగ్గర ఫ్రేమ్ వెడల్పే దాదాపు 35 సెంటీమీటర్లు! ఒక్క డిగ్రీ కదిలితే పిట్ట ఫ్రేమ్‌లోంచి మొత్తంగా బయటికి పోతుంది. 640 ఎంఎం దగ్గర మూడో వంతు జరుగుతుంది, కష్టమే కానీ పట్టుకోవచ్చు. ఫోన్ 120 ఎంఎం దగ్గర ఆరు శాతం, అసలు పట్టించుకోనక్కర్లేదు. ఇంట్లో బాల్కనీలోంచి చందమామని బ్రహ్మాండంగా తీసిన బ్రిడ్జ్ కెమెరా కయాక్‌లో ఎందుకు ఏడిపిస్తుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. పక్షిని వెతుక్కోవడానికే గంట అయిపోతుంది, అద్దె కూడా అయిపోతుంది.

మరి స్టెబిలైజేషన్ ఉంది కదా అంటారు. ఉంది. ఓఐఎస్ అయినా, సెన్సార్ స్టెబిలైజేషన్ అయినా ముఖ్యంగా చేతి వణుకు కోసం తయారైనవి. వణుకు వేగంగా, చిన్నగా ఉంటుంది. పడవ ఊపు నెమ్మదిగా, పెద్దగా ఉంటుంది. పైగా కెమెరా ఎంత స్టెబిలైజ్ చేసినా పక్షి కదలికని ఆపలేదు. కాబట్టి స్పెసిఫికేషన్లలో స్టెబిలైజేషన్ ఎన్ని స్టాప్స్ అని రాసినా, పడవ మీద దాన్ని నమ్ముకుని షట్టర్ స్పీడ్ తగ్గించకండి.

అందుకని నా అభిప్రాయం సూటిగా చెప్తాను. కయాక్‌కి 400 నుంచి 640 ఎంఎం మధ్య రేంజ్ సరైనది. ఆర్ఎఫ్ 100-400 బరువు 635 గ్రాములే, ఒక్క చేత్తో ఎత్తొచ్చు. సోనీ 200-600 లాంటి లెన్స్ అద్భుతంగా ఉంటుంది కానీ రెండు కిలోలు దాటుతుంది. ఒళ్లో పెట్టుకుని తెడ్డు వేయడం, పక్షి కనిపించగానే తెడ్డు వదిలి దాన్ని ఎత్తడం పది నిమిషాలు బాగుంటుంది, తర్వాత భుజాలు మాట వినవు. ఆర్ఎఫ్ 100-400కి ఉన్న లోపం కూడా చెప్పాలి. దానికి వెదర్ సీలింగ్ లేదు, చివర్లో ఎఫ్/8 వరకే తెరుచుకుంటుంది. పొద్దున్నే వెలుతురు తక్కువున్నప్పుడు ఐఎస్ఓ 3200 దాకా పోవాల్సి వస్తుంది. నాయిజ్ ఉంటుంది. షేక్ అయిన ఫొటో కంటే నాయిజ్ ఉన్న ఫొటో నయం, ఎందుకంటే నాయిజ్‌ని తర్వాత తగ్గించుకోవచ్చు.

ఫోన్ మాత్రమే ఉంటే

నిరాశపడక్కర్లేదు. కాకపోతే ఫోన్‌ని ఫోన్‌లా వాడాలి.

మొదటిది, జూమ్‌ని ఆప్టికల్ లెన్స్ దగ్గరే ఆపండి. మీ ఫోన్ టెలిఫొటో 3ఎక్స్ అయితే 3ఎక్స్, 5ఎక్స్ అయితే 5ఎక్స్. అక్కడి నుంచి 30ఎక్స్, 100ఎక్స్ అన్నీ క్రాప్, దాని మీద సాఫ్ట్‌వేర్ మేకప్. పిక్సెల్ 10 ప్రోలో 100ఎక్స్ వరకు వెళ్లే ప్రో రెస్ జూమ్ అయితే వివరాలను పూరించడానికి నేరుగా జనరేటివ్ ఏఐనే వాడుతుంది. బిల్డింగ్ మీద ఫర్వాలేదేమో కానీ పక్షి మీద ఇది ప్రమాదం. లేని ఈకలు, లేని గీతలు వచ్చేస్తాయి. మీరు ఆ ఫొటోని ఈబర్డ్‌లోనో, ఐనాచురలిస్ట్‌లోనో పెట్టి ఇది ఫలానా పక్షి అని చెప్తే, మీరు చూసింది ఒకటి, ఫోన్ గీసింది ఇంకొకటి అవుతుంది.

రెండోది, ఆటో మోడ్ ఒక్క ఫొటో తీయదు. వరసగా కొన్ని ఫ్రేములు తీసి కలుపుతుంది. పడవ కదులుతూ, పక్షి కూడా కదులుతుంటే ఆ కలపడంలో రెక్క అంచులు రెండుగా కనిపిస్తాయి. ప్రో మోడ్‌లోకి వెళ్లి షట్టర్ స్పీడ్ 1/1000 పెట్టి, ఐఎస్ఓ ఆటోకి వదిలేయండి. కొన్ని ఫోన్లు ప్రో మోడ్‌లో టెలిఫొటో అని చూపించి, వెలుతురు తగ్గితే మెయిన్ కెమెరాని క్రాప్ చేసి ఇస్తాయి. ఇది తెలుసుకోవడానికి చిన్న చిట్కా ఉంది. టెలిఫొటో లెన్స్ మీద వేలు పెట్టండి. స్క్రీన్ నల్లగా మారకపోతే మీరు వేరే కెమెరాలోంచి చూస్తున్నట్టే.

మూడోది, తడిచేతులు. స్క్రీన్ మీద నీటిచుక్క పడితే ఫోన్ దాన్ని వేలు అనుకుంటుంది. ఫోకస్ ఎక్కడికో పోతుంది, సెల్ఫీ కెమెరా ఆన్ అవుతుంది. వాల్యూమ్ బటన్‌ని షట్టర్‌గా సెట్ చేసుకోండి. మైక్రోఫైబర్ గుడ్డ లైఫ్ జాకెట్ లోపలి జేబులో పెట్టుకోండి. ప్యాంటు జేబులో పెడితే అది మీకంటే ముందే తడుస్తుంది.

ఫోన్‌తో పెద్ద పక్షులనే లక్ష్యం చేసుకోండి: కొంగలు, నారాయణ పక్షి, రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకి. పక్షిని ఫ్రేమ్ నిండా నింపాలన్న పట్టుదల వదిలేసి, పక్షితోపాటు నీళ్లు, మునిగిన చెట్టు మోడు, పొగమంచు కలిపి తీస్తే కెమెరావాళ్లు కూడా అసూయపడే ఫొటోలు వస్తాయి. ఈ మాట ఊరడింపుకి చెప్పడం లేదు. టెలిఫొటో బిగించుకున్నవాడికి ఆ వైడ్ దృశ్యం కనిపించనే కనిపించదు.

సెట్టింగ్స్, క్లుప్తంగా

కూర్చున్న పక్షికి 1/1000, ఎగిరే పక్షికి 1/2000 లేదా ఇంకా ఎక్కువ. అపెర్చర్ పూర్తిగా తెరవండి. ఐఎస్ఓ ఆటో, గరిష్ఠం 6400. బర్డ్ ఐ డిటెక్షన్ ఉంటే ఆన్ చేయండి. సైలెంట్ మోడ్‌లో ఎలక్ట్రానిక్ షట్టర్ వాడితే శబ్దం రాదు, కానీ మామూలు సెన్సార్లలో వేగంగా కొట్టే రెక్క వంగిపోయినట్టు వస్తుంది. కూర్చున్న పక్షికి సైలెంట్, ఎగిరేదానికి మెకానికల్ షట్టర్ వాడండి.

ఎక్స్‌పోజర్ గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి, అందరూ ఇక్కడే దెబ్బతింటారు. తెల్లకొంగ వెనకాల ముదురు రంగు నీళ్లుంటే కెమెరా మొత్తం చీకటిగా ఉందనుకుని వెలుతురు పెంచుతుంది. కొంగ కాస్తా తెల్ల కాగితంలా అయిపోతుంది, ఒక్క ఈక కూడా కనిపించదు. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ 0.7 నుంచి మైనస్ 1 వరకు తగ్గించండి. నీటికాకికి దీనికి పూర్తిగా వ్యతిరేకం. మెరిసే నీళ్ల ముందు నల్ల పక్షి కాబట్టి ప్లస్ 1 దాకా పెంచాలి. ఫోన్‌లో అయితే పక్షి మీద నొక్కి పట్టుకుని, సూర్యుడి గుర్తుని కిందికో పైకో జరిపితే చాలు.

పోలరైజర్ ఫిల్టర్ కొనమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. పొద్దున్న వెలుతురులో అది ఒకటి నుంచి రెండు స్టాప్స్ తినేస్తుంది. వద్దు.

నీళ్లలో పడితే

ఐపీ68 అని బాక్స్ మీద రాసి ఉంటే ఫోన్ ఈత కొడుతుందని కాదు. ల్యాబ్‌లో కదలని మంచినీటిలో, కంపెనీ చెప్పిన లోతులో, చాలా ఫోన్లకి 1.5 మీటర్ల దగ్గర 30 నిమిషాలు పరీక్షిస్తారు. కొత్త ఫోన్‌కి. రెండేళ్లు వాడి, నాలుగుసార్లు కింద పడేసిన ఫోన్ సీల్ ఎలా ఉందో ఎవరూ చెప్పలేరు. నీటివల్ల పాడైతే మామూలు వారంటీ వర్తించదు. పులికాట్ లాంటి ఉప్పునీటి సరస్సులైతే ఇంకా జాగ్రత్త కావాలి, ఎందుకంటే ఆ పరీక్ష ఉప్పునీటికి చేసింది కాదు. ఉప్పు తగిలితే ఇంటికి రాగానే మంచినీటి తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. పోర్ట్ పూర్తిగా ఆరేదాకా ఛార్జింగ్ పెట్టొద్దు.

అసలు సమస్య ఫోన్ తడవడం కాదు, మునిగిపోవడం. నా అనుభవం చెప్తాను. తేలే రిస్ట్ స్ట్రాప్ ఒకటి కొన్నాను. నురుగు దిండులాంటిది, పసుపురంగు. దాన్ని ఫోన్ కేసుకి ఉన్న కన్నంలో కట్టి ధీమాగా బయల్దేరాను. నీటికాకి ఒకటి చేపని పైకెగరేసి మింగుతుంటే తొందరలో ఫోన్ జారింది. స్ట్రాప్ తేలింది. దానికి కట్టిన కేసు కూడా తేలింది. తడిసి సాగిన సిలికాన్ కేసులోంచి ఫోన్ మాత్రం సబ్బుబిళ్లలా జారిపోయింది. నేను చూస్తుండగానే, స్క్రీన్ వెలుగుతూనే కిందికి వెళ్లిపోయింది. తప్పు నాదే. ఇంటి దగ్గర బకెట్ నీళ్లలో ఒక్కసారి పరీక్షించి ఉంటే రెండు నిమిషాల్లో తెలిసేది. సిగ్నల్ లేకపోవడంతో ఆ రోజు తీసిన ఫొటోలు బ్యాకప్ కూడా కాలేదు. నీటికాకి చేపని మింగిన ఫొటో ఇప్పటికీ ఆ చెరువు అడుగునే ఉంది.

కాబట్టి స్ట్రాప్ కేసుకి కాదు, ఫోన్‌ని నాలుగు మూలలా బిగించి పట్టే హార్నెస్‌కి కట్టండి, లేదా జిప్ ఉన్న వాటర్‌ప్రూఫ్ పౌచ్‌లో పెట్టండి. పౌచ్ ప్లాస్టిక్ లోంచి తీస్తే షార్ప్‌నెస్ తగ్గుతుంది, అది నిజం. టెలిఫొటోతో మరీ ఎక్కువ తగ్గుతుంది. నేనైతే వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు పౌచ్‌లో ఉంచి, ఒకచోట ఆగాకే బయటికి తీస్తాను. ఏ స్ట్రాప్ అయినా ముందు బకెట్ పరీక్ష తప్పనిసరి. పాత డెడ్ ఫోన్ ఉంటే దాంతో చేయండి.

కెమెరా సంగతికొస్తే, 10 లీటర్ల రోల్‌టాప్ డ్రై బ్యాగ్, అందులో పాత టవల్. మూతిని కనీసం మూడు మడతలు చుట్టి బకిల్ పెట్టాలి. బ్యాగ్‌ని కాళ్ల మధ్య పెట్టుకుని, పొట్టి తాడుతో పడవకి కట్టండి. పొడుగు తాడు కట్టకండి, బోల్తా పడితే అది మీ కాళ్లకే చుట్టుకుంటుంది. ఇదే కారణంతో మెడలో కెమెరా వేసుకుని తెడ్డు వేయడం మానుకోండి. లైఫ్ జాకెట్ ఉక్కగా ఉందని విప్పి సీటు కింద పెట్టే వాళ్లని చాలామందిని చూశాను. పక్షి ఒకవైపు, మీ బరువంతా ఆ వైపు, కన్ను వ్యూఫైండర్‌లో. బోల్తా పడటానికి ఇంతకంటే మంచి భంగిమ ఉండదు. ఈత వచ్చినా జాకెట్ ఒంటిమీదే ఉండాలి.

అన్నిటికంటే మంచి పరికరం ఏంటంటే రెండు సీట్ల కయాక్. వెనక ఒకరు తెడ్డు వేస్తారు, ముందు ఒకరు ఫొటో తీస్తారు. అరగంటకోసారి పడవ గట్టుకి చేర్చి సీట్లు మారండి. నీటి మధ్యలో మారకండి, ఎందుకో చెప్పక్కర్లేదనుకుంటా.

దగ్గరికి ఎలా వెళ్లాలి

ఇప్పటిదాకా చేసిన లెక్క ఒక దిక్కుకే తోస్తుంది. పడవ మీద జూమ్ పెంచడం కంటే దూరం తగ్గించడం మేలు. 20 మీటర్లని 10 చేస్తే పిక్సెల్స్ రెట్టింపు అవుతాయి, ఊపు మాత్రం పెరగదు. కానీ అవతల ఉన్నది ప్రాణమున్న పక్షి. అది పారిపోతే మీకు ఫొటో పోతుంది. దానికి మేత పోతుంది. చలికాలంలో వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన బాతుకి ప్రతి అనవసరపు ఎగురుడూ ఖర్చే.

పడవ ముక్కుని పక్షి వైపు తిన్నగా పెట్టకండి. వేటాడే జంతువు వచ్చేది అలాగే. ఏటవాలుగా, దాన్ని దాటి ఎటో వెళ్తున్నట్టు వెళ్లండి. తెడ్డు ఎత్తి తిప్పితే ఆకు తళుక్కుమంటుంది, కిందగా, మెల్లగా వేయండి. నాలుగు తెడ్లు వేసి ఆగండి. పక్షి మళ్లీ మేతలో పడ్డాక ఇంకో నాలుగు. సూర్యుడు మీ వెనక ఉండేలా చూసుకోండి. ఇక గాలి విషయం. నీటిపక్షులు గాలికి ఎదురుగా లేస్తాయి, మామూలుగా కూర్చునేది కూడా గాలికి ఎదురు తిరిగే. గాలి మీ వీపు వైపు నుంచి వీస్తుంటే పక్షి ముఖం మీ వైపే ఉంటుంది, తెడ్డు వేయకుండానే పడవ అటు జారుతుంది. ఇందులో చిక్కు ఒకటే, అలా జారే పడవ తనంతట తాను ఆగదు. తెడ్డుని నీళ్లలో అడ్డంగా పెట్టి ఆపడం ముందే అలవాటు చేసుకోండి.

ఎక్కడ ఆగాలో పక్షే చెప్తుంది. మేత ఆపి తల ఎత్తిందంటే మిమ్మల్ని చూసింది. మెడ సాగదీసి బిగుసుకుంటే భయపడుతోంది. ఒళ్లు కిందికి కుంచించి, రెట్ట వేసిందంటే మరుక్షణం ఎగురుతుంది. మీరు ఆగాల్సింది మొదటి గుర్తు దగ్గర, మూడోదాని దగ్గర కాదు. గట్టు మీద తీతువు పిట్ట ఉంటే మాత్రం దానికి దూరంగా తిరిగి వెళ్లండి. అది అరిస్తే అశుభమని ఊళ్లో అంటారు. ఫొటోలు తీసేవాడికి అది అక్షరాలా నిజం, ఒక్క అరుపుతో రిజర్వాయర్‌లో ఉన్న పక్షులన్నిటికీ మీ సంగతి తెలిసిపోతుంది.

థర్మోకోల్ తెప్పల మీద చేపలు పట్టేవాళ్లని గమనించండి. కొంగలు వాళ్లని పది మీటర్ల దాకా రానిస్తాయి. వాళ్లు రోజూ అదే దారిలో, అదే వేగంతో వెళ్తారు, పక్షి వైపు చూడరు. మీరు కూడా వాళ్ల దారిలోనే, వాళ్ల వేగంతోనే వెళ్తే ఆ నమ్మకంలో కొంత మీకూ దొరుకుతుంది. వలల మీదుగా మాత్రం వెళ్లకండి. వరసగా తేలే థర్మోకోల్ ముక్కలు కనిపిస్తే దాని కింద వల ఉన్నట్టే. అది వాళ్ల కూలి.

ఒక వేసవిలో నీళ్లు తగ్గి రిజర్వాయర్ మధ్య చిన్న మట్టిదిబ్బ తేలింది. కాస్త దిగి కాళ్లు చాపుకుందామని అటు తిప్పాను. దూరంగా తెప్ప మీదున్న పెద్దాయన కేకేశాడు, "గా గడ్డ మీదికి పోకు సారూ, పిట్టలు గుడ్లు వెట్టినయ్!" అప్పటికి నేను చూసింది ఎర్రటి రాళ్లు, ఎండిన గడ్డి మాత్రమే. పడవ ఆపి 400 ఎంఎంలోంచి చూస్తే, రాళ్లనుకున్నవాటిలో కొన్ని గుడ్లు. రివర్ టర్న్ గూడు కట్టదు. మట్టిలోనో ఇసుకలోనో చిన్న గుంట చేసి అందులో పెట్టేస్తుంది. గుడ్ల రంగు మట్టి రంగే. నా చెప్పు ఎక్కడ పడినా తెలిసేది కాదు. తొక్కకపోయినా, నేను అక్కడ పది నిమిషాలు కూర్చుంటే తల్లి పైన చక్కర్లు కొడుతూ ఉండేది, ఏప్రిల్ ఎండలో గుడ్లు ఉడికిపోయేవి. ఐయూసీఎన్ జాబితాలో ఇప్పుడు ఈ పక్షి ముప్పు ఉన్న జాతుల్లో ఉంది. ఆ రోజు ఒక్క ఫొటో కూడా తీయకుండా వెనక్కి తిప్పాను.

ఫిబ్రవరి చివరి నుంచి మే వరకు రిజర్వాయర్ దిబ్బలకి దూరంగా ఉండండి. గూళ్లున్న చెట్ల కిందికి కూడా వెళ్లొద్దు. తల్లి లేచిపోతే కాకులకి కావాల్సింది అదే. గూడు ఫొటో ఏదైనా దూరం నుంచి తీసినా, షేర్ చేసే ముందు లొకేషన్ ట్యాగ్ తీసేయండి. ఫోన్‌లో ఫొటో డీటెయిల్స్‌లోకి వెళ్తే ఆ ఆప్షన్ ఉంటుంది.

ఎక్కడ కుదురుతుంది, ఎక్కడ కుదరదు

కొల్లేరు, పులికాట్, నేలపట్టు పేర్లు వినగానే పడవ వేసుకుని వెళ్లిపోవాలనిపిస్తుంది. అవి అభయారణ్యాలు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి వెళ్లడానికి, ఫొటోలు తీయడానికి కూడా అటవీశాఖ అనుమతి కావాలి. సొంత కయాక్ దించడం అసలే కుదరదు. అదే చట్టంలో వేట అనే మాటకి ఇచ్చిన అర్థంలో పక్షుల గుడ్లని, గూళ్లని చెదరగొట్టడం కూడా ఉంది, అది అభయారణ్యం బయట అయినా సరే. పెలికాన్లు కావాలంటే ఆటపాక వెళ్లి గట్టు మీద నుంచో, అక్కడ ఏర్పాటు చేసిన పడవలోంచో తీసుకోండి. ఉప్పలపాడులో అయితే గట్టు మీద నిలబడితేనే పక్షులు కెమెరాకి అందుతాయి, పడవ అవసరమే లేదు. కోరింగ మడ అడవుల్లోనూ అంతే, అక్కడి పడవలే ఎక్కాలి.

కయాక్ అద్దెకిచ్చే రిజర్వాయర్లలో కూడా నీటిమట్టాన్ని బట్టి, అనుమతుల్ని బట్టి మధ్యమధ్యలో ఆపేస్తుంటారు. బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి, పొద్దున ఆరున్నరకి పడవ ఇస్తారా అని కూడా అడగండి. చాలాచోట్ల తొమ్మిదికి తెరుస్తారు. అప్పటికి వెలుతురు తెల్లగా మండిపోతుంది, పిక్నిక్ గుంపులు దిగిపోతాయి, పక్షులు అవతలి ఒడ్డుకి చేరిపోతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. వానాకాలంలో గేట్లు ఎత్తే ప్రాజెక్టుల జోలికి పోవద్దు.

ఏం కొనాలి అంటే

ఇప్పటికే 3ఎక్స్ లేదా 5ఎక్స్ టెలిఫొటో ఉన్న ఫోన్ ఉంటే, మొదటి మూడు ట్రిప్పులకి ఏమీ కొనకండి. పౌచ్, గట్టి హార్నెస్, డ్రై బ్యాగ్ చాలు. మూడు ట్రిప్పుల తర్వాత కూడా లకుముకి పిట్ట మీదే మనసు ఉంటే అప్పుడు క్రాప్ సెన్సార్ మిర్రర్‌లెస్ బాడీ, 100-400 లెన్స్ చూడండి. కొత్తది భారమైతే సెకండ్ హ్యాండ్‌లో పాత డీఎస్ఎల్ఆర్, 70-300 లెన్స్ కూడా బాగానే పనికొస్తాయి, నీళ్లలో పడినా గుండె తక్కువ ఆగుతుంది. బ్రిడ్జ్ కెమెరా ఇప్పటికే ఉన్నవాళ్లు దాన్ని అమ్మేయక్కర్లేదు. 2000 ఎంఎంని మర్చిపోయి 600 దగ్గర వాడండి, అక్కడ ఫ్రేమ్ నిలుస్తుంది. 2000 గట్టు మీద కాళ్లు భూమికి ఆనినప్పుడు.

ఇంటికొచ్చాక డ్రై బ్యాగ్‌ని తిరగేసి ఆరబెట్టండి. కెమెరాని ఏసీ గదిలో కాకుండా మామూలు గదిలో, మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లతో రాత్రంతా పెట్టండి. బియ్యంలో మాత్రం పెట్టకండి, ఆ పొడి లెన్స్ రింగుల్లోకి దూరుతుంది.